కాలిపర్లకు పసుపు రంగు

"చక్రాల్లోంచి కనబడేవి ఇవే. నీకు నచ్చిన రంగు చెప్పు" అన్నారు మా ఆయన, పెయింటు షెడ్డులో కారుకు బిగించబోయే, చక్రాలను పట్టి ఆపే కొత్త బ్రేకు కాలిపర్లు చూపించి.

భుజం విరిగినప్పుడు ఇక కారు పందేలకు వెళ్లనని నాకు మాటిచ్చారు. మంచి బ్రేకులు వేయిస్తుంటే, బుద్ధి వచ్చిందనే అనుకున్నాను. రంగుల కార్డు రెండుసార్లు తిరగేసి, నిగనిగలాడే పసుపు ఎంచాను.

ఆయన కారు దగ్గరికి వెళ్లారు. నేనెంచిన రంగు చూసి పెయింటరు నవ్వాడు. "మెరుపు రంగు పందెం వేడికి మాడిపోద్దమ్మా. మొన్న ఆదివారం సార్ పాతవాటికి అదే అయింది. మెరుపు లేని మ్యాట్ రంగు వేయించండి."

మొన్న ఆదివారం ఆయన వాళ్లమ్మ దగ్గర ఉన్నారు. ప్రతి ఆదివారమూ అక్కడే.

బయటికి వచ్చి అత్తయ్యకు ఫోన్ చేశాను. "అత్తయ్యా, ఈయన మళ్లీ పందేలకు..."

"చెప్పేశాడా? హమ్మయ్య! వాడు ఇక్కడే ఉన్నాడని నీతో అబద్ధాలాడలేక చస్తున్నానే తల్లీ!"