మూడు వందల ముద్రలు

పోయిన అక్టోబరు పదకొండున కొండల్ రావు రెండు ప్లేట్ల ఇడ్లీ చెప్పి, ఒక ప్లేటు తిన్నాడు. భార్య రాధారాణి పోయిన పదహారో రోజు అది. అలవాటు కొద్దీ రెండు చెప్పేశాడు. ప్లేట్లు వచ్చాక గాని ఎదుటి కుర్చీ ఖాళీ అన్న సంగతి గుర్తు రాలేదు.

టిఫిన్ సెంటర్ నడిపే ఇంద్రజ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. "పొద్దుట్నుంచి నేనూ ఏం తినలేదు అంకుల్" అంటూ రెండో ప్లేటు తన ముందుకు లాక్కుంది.

ఆ టిఫిన్ సెంటర్‌కి ఈ శనివారం గండం.

ఫార్మింగ్టన్ హిల్స్‌కి పది నిమిషాల దూరంలో ఉన్న చిన్న డౌన్‌టౌన్ అది. అక్కడి షాపులకు గిరాకీ పెంచాలని వ్యాపారుల సంఘం వేసవి పండగ పెట్టింది. గిరాకీ పెరగడానికి రోడ్డు మూసేశారు. పార్కింగ్ తీసేశారు. ఎక్కడెక్కడి నుంచో పద్నాలుగు ఫుడ్ ట్రక్కులు పిలిపించారు. పాటల స్టేజీ కట్టి, దాని వెనక భాగం సరిగ్గా ఇంద్రజ గుమ్మానికి అడ్డం పెట్టారు.

వచ్చినవాళ్లకు తలా ఒక కార్డు ఇచ్చారు. ఏ షాపులోకి వెళ్తే ఆ షాపు ముద్ర వేయించుకోవాలి. నిండిన కార్డులకు లాటరీ. సాయంత్రం ఆరు లోపల ఇంద్రజ మూడు వందల ముద్రలు వేస్తే పాత అద్దెకే ఇంకో ఏడాది లీజు ఇస్తానని, సంఘం పోరగా పోరగా, బిల్డింగు ఓనరు ఒప్పుకున్నాడు. లేదంటే సోమవారం ఖాళీ చేయాలి.

మధ్యాహ్నం పన్నెండుకు కొండల్ రావు వచ్చేసరికి పడిన ముద్రలు పంతొమ్మిది.

"ఇంక నా పనైపోయింది అంకుల్" అంది ఇంద్రజ కాఫీ అందిస్తూ. "ఓనర్ దగ్గర కొత్త పార్టీ రెడీగా ఉందట. నేను పోతే మంగళవారమే కీస్ ఇచ్చేస్తాడట. ఎవరో గానీ, గద్దల్లాగా కాచుక్కూర్చున్నారు."

కొండల్ రావుకు కాఫీ పొలమారింది. "వాళ్లకీ ఏదో అవసరం ఉండి ఉంటుందిలే అమ్మా."

"మీకు అందరి మీదా జాలే. ఇంతకీ ఆ కిటికీని ఎందుకు కొలుస్తున్నారు?"

అతను గబుక్కున టేపు జేబులో వేసుకున్నాడు. "అలవాటు. ముప్పై ఏళ్లు కార్ల బంపర్లు కొలిచిన చెయ్యి. రిటైరైనా ఊరుకోదు."

ఆ కిటికీ అంటే రాధారాణికి ఇష్టం. ఎండ భలే పడుతుందండీ, ఇక్కడ వరసగా జాడీలు పెడితే ఎంత బావుంటుందో, అనేది ఇడ్లీ తింటూ.

ఇంతలో ఒకాయన తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో ట్రక్కు దగ్గర కొన్న టాకో. బాత్రూమ్ వాడుకోవచ్చా అని ఇంగ్లీషులో అడిగాడు. ఇంద్రజ మొహం మాడ్చుకుని వెనక్కి చూపించింది.

"ఇలాంటోళ్లే ఇప్పటికి నలభై మంది. దోసె కావాలని ఒక్కడూ అడగడు."

"వాళ్ల కార్డుల మీద ముద్ర వేశావా?"

"బాత్రూమ్‌కి వచ్చినోళ్లకి ముద్రేంటి అంకుల్?"

"లోపలికొచ్చినవాళ్లకి వేయమన్నారు గాని, ఎందుకొచ్చారో అడగమన్లేదు కదమ్మా."

సంఘంవాళ్లు అన్నీ ఆలోచించారు. వీధికి ఈ చివర టాయిలెట్లు పెట్టించడం మాత్రం మర్చిపోయారు. కొండల్ రావు ఒక అట్టముక్క మీద 'శుభ్రమైన బాత్రూమ్, ఉచితం' అని పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రాసి, స్టేజీ పక్కన పట్టుకుని నిలబడ్డాడు.

"పరువు తీస్తున్నారు అంకుల్! నాది టిఫిన్ సెంటరు!" లోపల్నుంచి ఇంద్రజ అరిచింది.

అరగంటలో లైను గుమ్మం దాటింది. లైనులో నిలబడ్డవాళ్లకు సాంబారు వాసన తగిలింది. బాత్రూమ్ కోసం వచ్చినవాళ్లు దోసె తిని వెళ్లారు. ఇంద్రజకు అట్లకాడ కింద పెట్టే తీరిక లేకపోయింది.

అయిదున్నరకు సంఘం వాలంటీరు అంకిత లెక్క చూడ్డానికి వచ్చింది. ఆ దేశంలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి.

"అంకుల్, ఈ ఫోల్డింగ్ చెయిర్స్ మీ కార్ ట్రంక్‌లో పెట్టనా? మా ఆఫీస్‌లో డ్రాప్ చేస్తే చాలు."

"ట్రంక్ ఖాళీ లేదమ్మా" అన్నాడు కొండల్ రావు, అవసరమైన దానికంటే కొంచెం గట్టిగా.

ఆరుకు నాలుగు నిమిషాలుందనగా ముద్రలు రెండు వందల తొంభై ఎనిమిది. పాటలు ఆగిపోయాయి. వీధి పల్చబడింది. డ్రమ్ములు వాయించినాయన పరుగున వచ్చి బాత్రూమ్‌లో దూరాడు. బయటికొచ్చాక అంకిత అతన్ని వదల్లేదు. ముద్ర వేయించే పంపింది.

ఇంకొక్కటి. ఎవరూ రాలేదు. ఇంద్రజ పొయ్యి ఆపేసి గోడకు చేరగిలబడింది.

"అంకుల్, మీ కార్డ్?" అంది అంకిత. "నూన్ నుంచి ఇక్కడే ఉన్నారు కదా. స్టాంప్ చేయలేదా?"

చేయలేదు. వస్తూ వస్తూ వీధి మొదట్లో పుచ్చుకున్న కార్డు చొక్కా జేబులో నలగకుండా అలాగే ఉంది. కొండల్ రావు దాన్ని బయటికి తీశాడు. ఒకసారి కిటికీ వైపు చూశాడు. ముద్ర తనే అందుకుని గట్టిగా నొక్కాడు.

ఇంద్రజ ఏడుస్తూనే నవ్వింది. "ఆ గద్దలకి ఎవరైనా ఫోన్ చేసి చెప్పండర్రా!"

"వాళ్లకి తెలిసిపోయి ఉంటుందిలే అమ్మా."

మిగిలిన ఇడ్లీలు రెండు ప్లేట్లలో పెట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ తిన్నారు. తర్వాత, సంతకాలు పెట్టడానికి అంకిత వెంట బయల్దేరుతూ, "వెళ్లేటప్పుడు తలుపు లాగేయండి అంకుల్, తాళం అదే పడుతుంది" అంది.

కొండల్ రావు కుర్చీలు సర్ది, లైటు ఆపి, కారు ట్రంకులో దుప్పటి చుట్టి దాచిన 'రాధారాణి పచ్చళ్లు' బోర్డును మంగళవారం ఏ తలుపు మీద బిగించుకోవాలనుకున్నాడో, ఆ తలుపును చప్పుడు కాకుండా మూశాడు.