గులాబీ సింకు

"నల్లదే ఇవ్వండి," అంది పద్మావతి, గ్రానైట్ సింకు అంచు మీద అరచేయి ఆనించి. "లోతుగా ఉంది. కుక్కరు పెట్టినా చప్పుడు రాదు."

మదీనాగూడలోని ఆ దుకాణానికి ఆమె రావడం అదే మొదటిసారి. కానీ ఆ సింకును మనసులో ఏనాడో కొనేసుకుంది. సొట్టలు పడ్డ స్టీలు సింకులో గిన్నెల మోత వినీ వినీ విసిగిపోయిన మనిషి. వంటగదిని కొత్తగా చేయించడానికి భర్త ఒప్పుకున్నప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, నల్ల సింకు.

"అది కాదు. ఆ మూలనున్నది," అన్నాడు రామ్మోహనరావు.

మూలనున్నది గులాబీ రంగుది. దుకాణదారే కంగారుపడ్డాడు.

"సార్, అది ఎవరో ఆర్డరిచ్చి, చూసినంక వద్దని పోయిండ్రు. దాన్ని ఎవ్వరూ కొంటలేరు."

"నేను కొంటున్న గద!" అన్నాడు రామ్మోహనరావు.

బయటికొచ్చాక పద్మావతి నిలదీసింది. "మతి పోయిందా మీకు? వంటింట్లో ఆ రంగేమిటండీ?"

"ష్! నడిరోడ్డు మీద అండీ అనకు," అన్నాడతను అటూ ఇటూ చూసి.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు తిరగడం లేదు, బడులు మూతపడ్డాయి, ఎటు చూసినా గులాబీ జెండాలే. రామ్మోహనరావుది రేపల్లె. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జమాఖర్చులు చూసే ఉద్యోగం. ఇన్నేళ్లలో ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. మీది ఏ ఊరని కూడా అడగలేదు. అదే అతని భయం. పైకి అడగడం లేదంటే, లోపల ఏదో అనుకుంటున్నారన్నమాట!

ఆ భయానికి ఒక మనిషి రూపం కూడా ఉంది. పై అంతస్తులో ఉండే రంగనాథ్, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి. మెడలో గులాబీ కండువా లేనిదే పాల ప్యాకెట్టు కోసం కూడా కిందికి దిగడు. లిఫ్టులో కనబడితే చాలు, "జై తెలంగాణ!" అని అరుస్తాడు. "జై జై తెలంగాణ!" అని రామ్మోహనరావు అంతకన్నా గట్టిగా అరుస్తాడు. రంగనాథ్ భార్య మాత్రం పెదవి విప్పకుండా తలూపి ఊరుకుంటుంది.

"ఆవిడకి మనమంటే ఒళ్లు మంట. అందుకే మాట్లాడదు," అని తేల్చాడు రామ్మోహనరావు.

"ఆయన మాట్లాడినా నాకు సగం అర్థం కాదు," అంది పద్మావతి.

అంట్లు తోముతున్న నర్సమ్మ నవ్వింది. ఆమెది మెదక్ దగ్గర పల్లె. "మాకే సమజ్ గాదమ్మా గా సారు మాట."

"చూశావా! ఎంత అచ్చమైన భాషో," అని రామ్మోహనరావు ఇంకాస్త బెదిరాడు. ఆ రాత్రి నుంచి గిట్ల, గట్ల, ఇగ, జర అని ఎక్కాలు వల్లె వేసినట్టు వల్లె వేశాడు.

సింకు బిగించారు. తెల్లటి పలకల మధ్య అది తిరునాళ్లలో పీచుమిఠాయిలా మెరిసింది. పద్మావతి దాని వైపు చూడకుండానే చేతులు కడుక్కోవడం నేర్చుకుంది.

"ఎట్లుంది నర్సమ్మా? మన రంగే!" అన్నాడు రామ్మోహనరావు.

"ఏ రంగైతేంది సారూ. తోమేది నేనే గద."

వారం తిరక్కుండానే పులుసు గిన్నె కడిగిన చోట పసుపు పట్టేసింది. అది చూసి రామ్మోహనరావు ఉలిక్కిపడ్డాడు. పసుపు ఇంకో పార్టీ రంగు! నిమ్మచెక్కతో, షాంపూతో తనే వంగి రుద్దాడు. పెళ్లయ్యాక అతను సింకు దగ్గర నిలబడటం అదే మొదలు. మరక పోలేదు. దాంతో ఇంట్లో పసుపే నిషేధించాడు. పప్పు తెల్లగా, పాలిపోయి, జ్వరపడి లేచినదానిలా కంచంలోకి వచ్చింది.

"వాళ్లు అడుగుతున్నది రాష్ట్రమండీ. మన సింకు కాదు," అంది పద్మావతి.



ఆదివారం పొద్దున గంట మోగింది. గుమ్మంలో రంగనాథ్.

"రామ్మోహన్ సాబ్, కొత్త కిచెన్ అయ్యిందంట గద. జర సూపెట్టుండ్రి."

"రా అన్నా, రా! గిట్లొచ్చి గిట్ల చూడు. మన గులాబీ!"

రంగనాథ్ సింకు ముందు నిలబడ్డాడు. వేలితో అంచంతా తడిమాడు. పసుపు మరక మీద వేలు ఆగింది. పొయ్యి దగ్గర పద్మావతి గరిటె తిప్పడం మానేసింది.

"ఏమైందన్నా? మంచిగ లేదా?"

రంగనాథ్ వెనక్కి నడిచి వంటింటి తలుపు దగ్గరగా వేశాడు. మెడలో కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు.

రామ్మోహనరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. అయిపోయింది. దొరికిపోయాడు. ఇక ఇల్లు ఖాళీ చెయ్యాలి, ఉద్యోగం వదులుకోవాలి, రేపల్లెలో తమ్ముడి పంచన చేరాలి. నోటికొచ్చింది అనేశాడు.

"అన్నా, మాది సిద్దిపేట! తాతల కాలం సంది ఈడనే!"

రేపల్లెలో పుట్టి పెరిగిన పద్మావతి చేతిలో గరిటె కిందపడింది.

రంగనాథ్ కళ్లు పెద్దవయ్యాయి. గబుక్కున రామ్మోహనరావు రెండు చేతులూ పట్టుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"మీరింత పక్కా ఇక్కడి మనిషని తెలియదు; అండ లేక ఇన్నాళ్లూ వణికి చచ్చాను. ఈ సింకు ఇంకోటి ఎక్కడ దొరుకుతుందో చెప్పి పుణ్యం కట్టుకోండి. మీలాంటి వాళ్లే మమ్మల్ని కాపాడాలి. ఎవరితోనూ అననని మాటిస్తే ఒక నిజం చెబుతాను."

రామ్మోహనరావు అయోమయంగా తలూపాడు.

"మాది భీమవరమండీ."