అదొక్కటీ ఉండనీ

"ఎంత ఖరీదైనా ఫర్వాలేదు, గట్టి యాంటీవైరస్ వెయ్యి. మా ఆవిడ ఏ లింకు కనిపిస్తే అది నొక్కేస్తుంది," అన్నాడు భర్త.

మెకానిక్ ఆమె ల్యాప్‌టాప్ స్కాన్ చేశాడు. "ఒకటి దొరికింది సార్. మేడం టైప్ చేసే ప్రతి అక్షరం ఇంకెవరి ఫోన్‌కో పోతోంది. తీసెయ్యనా?"

"అదొక్కటీ ఉండనీ," అన్నాడు భర్త, ఠక్కున.

కాఫీ కప్పులతో ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. పోయిన నెల తను అక్కకు ఏడుస్తూ రాసిన మెయిల్‌ను భర్త అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పి వెక్కిరించాడు. అక్కే చెప్పిందనుకుని, అప్పటినుంచీ అక్కతో మాటలు మానేసింది.

"ఉండనివ్వు తమ్ముడూ," అంది, కప్పులు బల్ల మీద పెట్టి. ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని అక్కకు టైప్ చేసింది: "అక్కా, నన్ను క్షమించు. చెప్పింది నువ్వు కాదని ఇప్పుడే తెలిసింది. సాయంత్రానికల్లా నీ దగ్గరుంటాను."

భర్త జేబులో ఫోన్ కుయ్యిమంది.