మెట్ల పక్కన వాలు

“పగలగొట్టేయండి,” అంది పెద్ద మేడం.

తాపీ మేస్త్రీకి చేతిలోని తాపీ జారినంత పనైంది. సెలవు రోజులు కదా అని ఒళ్లు హూనం చేసుకుని బడి మెట్ల పక్కన పోసిన వాలు అది. అద్దంలా నున్నగా తోమాడు. ఆరి గట్టిపడింది కూడా.

“ఏం తక్కువైంది మేడం? స్కూటరు శుభ్రంగా ఎక్కుతుంది.”

“స్కూటరుకి ఇంజను ఉంటుంది. ఇదిగో, దీంట్లో కూర్చుని మీరే ఎక్కి చూడండి.”

పక్క ఆసుపత్రిలో అడిగి తెచ్చిన చక్రాల కుర్చీని ఆవిడ ముందుకు తోసింది. మేస్త్రీ మీసం సవరించుకుని కూర్చున్నాడు. ఇటుకలు మోసిన చేతులు కదా, ఇదో లెక్కా అనుకున్నాడు. సగం దాకా ఎలాగో వెళ్లాడు. అక్కడ చేతులు మొరాయించాయి. కుర్చీ సర్రున వెనక్కి వచ్చి ఆయన్ని ఇసక కుప్పలో కూలేసింది.

సిమెంటు కలపడానికి వచ్చిన బావమరిది పడీపడీ నవ్వాడు. మేస్త్రీకి నవ్వు రాలేదు. ఊళ్లో సగం ఇళ్ల ముందు వాలు వేసిన చెయ్యి అది. అన్నీ బండ్ల కోసమే వేసింది. కూర్చున్న మనిషి తన చేతులతో తనే ఎక్కే వాలు ఇన్నేళ్లలో ఒక్కటీ వెయ్యలేదని అప్పుడు తట్టింది.

“బడి తెరిచే రోజున ఆఫీసు నుంచి ఇంజనీరు వస్తాడు,” అంది పెద్ద మేడం. “వాలు సరిగ్గా ఉంటేనే మనకి ప్రత్యేక టీచరును ఇస్తారు. లేదంటే ఆ పోస్టు ఊరవతలి బడికి పోతుంది. మన గువ్వ కూడా అక్కడికే వెళ్లాల్సి వస్తుంది.”

గువ్వ మేస్త్రీ కూతురు. మూడో తరగతి. ఊరవతలి బడికి రెండు బస్సులు మారాలి. “ఈ పిల్లని ఆ బస్సుల్లో పంపడం నా వల్ల కాదు,” అని భార్య ముందే తేల్చి చెప్పింది. ప్రత్యేక టీచరు రాకపోతే ఈ బడిలో గువ్వ ఎన్నాళ్లున్నా ఒకటేనని ఇద్దరికీ తెలుసు. మేస్త్రీ లేచి, ఒంటికంటిన ఇసక దులుపుకుని, సమ్మెట అందుకున్నాడు.

ఈసారి వాలు గోడ వెంట పొడుగ్గా సాగి, మధ్యలో మలుపు తిరిగి పైకి చేరేలా ముగ్గుపిండితో గీత గీశాడు. దానికి అడ్డొచ్చిన తన స్కూటరు చోటును పెద్ద మేడం మారు మాట్లాడకుండా వదులుకుంది.

“నాలుగు మెట్లకి ఇంత హంగామా ఏంటి బావా?” అన్నాడు బావమరిది. “ఇద్దరం చెరో పక్కా పట్టుకుంటే కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టెయ్యమూ?”

“రోజూ బస్తాలా ఎత్తించుకుని లోపలికి వెళ్లాలంటే ఏ మనిషికైనా ఎలా ఉంటుందిరా? కబుర్లాపి సిమెంటు కలుపు.”

రసమట్టం పెట్టి పదేపదే సరిచూసుకున్నాడు. నున్నగా తోమే సరదా చంపుకుని, చక్రం జారకుండా పచ్చి సిమెంటు మీద చీపురుతో గీతలు గీశాడు. కింది మెట్టు మీద కూర్చుని అంతా చూస్తున్న గువ్వ ముందుకు వంగి, ఓ మూల వేలితో తన పేరులోని మొదటి అక్షరం రాసింది. అది అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారై పడింది.

“అక్షరం తిరగబడిందే,” అంటూ బావమరిది చెరపబోయాడు.

“ఉండనీరా. దాని గుర్తు ఇక్కడ ఒకటి ఉండాలి,” అన్నాడు మేస్త్రీ.

తడి గోనెసంచులు కప్పి, పసిబిడ్డను చూసుకున్నట్టు ఆ వాలును చూసుకున్నాడు.

బడి తెరిచే రోజు రానే వచ్చింది. “మేం బస్టాండుకెళ్లి, అటునుంచి ఆటోలో వచ్చేస్తాం, నువ్వు నీ వాలు సంగతి చూసుకో,” అని భార్య పొద్దున్నే గువ్వతో బయల్దేరింది. బడి దగ్గర ఇంజనీరు టేపు పట్టుకుని పైకీ కిందికీ తిరిగాడు. మూలనున్న అక్షరం దగ్గర ఆగాడు.

“ఇదేంటి?”

“మా పిల్ల సంతకం సార్.”

ఇంజనీరు నవ్వాడు. “కొలతలు సరిపోయాయి. ఇక కుర్చీ ఎక్కాలి. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు.”

అంతలో గేటు దగ్గర ఆటో హారను మోగింది. కిటికీల నిండా పిల్లల తలలు మొలిచాయి. బావమరిది పరిగెత్తుకెళ్లి కుర్చీ దించడానికి సాయం పట్టాడు. మేస్త్రీ తలెత్తి చూసే ధైర్యం లేక సిమెంటు వంకే చూస్తూ నిలబడ్డాడు.

చక్రాలు కనిపించాయి. వాలు ఎక్కాయి. గీతల మీద గరగరమంటూ కదిలాయి. మలుపు దగ్గర ఆగాయి. ఇసక కుప్ప గుర్తొచ్చి మేస్త్రీ చెయ్యి చాపబోయి ఆపుకున్నాడు. చక్రాలు మెల్లగా తిరిగి, మళ్లీ ముందుకు సాగాయి.

“ఎక్కేసింది బావా, ఎక్కేసింది,” అని బావమరిది ఆయన వీపు మీద ఒక్కటిచ్చాడు.

కిటికీల్లోంచి చప్పట్లు హోరెత్తాయి. “ఈ బడికి ప్రత్యేక టీచరు ఖాయం,” అన్నాడు ఇంజనీరు. పెద్ద మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. మేస్త్రీ అప్పుడు తలెత్తాడు.

ఆటోలోంచి దూకిన గువ్వ మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కేసి, కుర్చీలోని కొత్తావిడకి ఎదురుగా నిలబడి, “గుడ్ మార్నింగ్ టీచర్,” అంది.