తేనె చుట్టరికం

"కదలకు. అలా నిలబడి చూడు," అంది బర్బోరా మెల్లగా.

ఆపిల్ చెట్టు కొమ్మకు తేనెటీగల గుంపు గడ్డంలా వేలాడుతోంది. ఆమె భర్త రపోలస్ చేతిలో కొడవలి చేతిలోనే ఉండిపోయింది. తండ్రి పోయాక ఆ పెరట్లో తేనెటీగలు కాపురం పెట్టింది లేదు. ఆయన నాటి తేనెపెట్టె కొట్టం పక్కన ఖాళీగా పడి ఉంది.

"ఎవరివంటావ్?"

"అడవివే అయ్యుంటాయి," అన్నాడు రపోలస్.

"అడవివైతే తేనె ఒక్కటే వస్తుంది. యజమాని ఉంటే చుట్టరికం కూడా వస్తుంది," అని బర్బోరా కంచె వైపు చూసింది. "ఊళ్లో తేనెపెట్టెలున్నది ఒక్కరికే."

ఆ ఒక్కరు కంచె అవతలి కిప్రస్. ఆ ఊరి ఆచారం ప్రకారం ఒకరి తేనెటీగలు ఎగిరొచ్చి ఇంకొకరి పెరట్లో వాలితే ఆ రెండిళ్ళూ చుట్టాలైనట్టే. వాటిని అమ్మరు, కొనరు, వెనక్కి అడగరు. ఏటా తేనె మాత్రం చెరిసగం. తేనె చుట్టాలు ఒకరితో ఒకరు మాటలు మానకూడదు. మామూలు చుట్టాలకు అలాంటి నియమం లేదు కాబట్టే వాళ్ళు అలా ఏడుస్తున్నారు.

కిప్రస్‌తో రపోలస్‌కు మాటల్లేక ఏడేళ్ళు. కిప్రస్ పంది కంచె దాటి వచ్చి బంగాళాదుంపల మడి తవ్విపోసింది. "దానికీ నీకూ తేడా ఏముంది?" అన్నాడు రపోలస్. అంతే. అప్పటిదాకా శనివారం శనివారం ఒకే ఆవిరి గదిలో కూర్చుని ఒకరి వీపు ఒకరు రుద్దుకున్నవాళ్ళు, ఆ రోజు నుంచి ఎడమొహం పెడమొహం.

పంది సంగతి పోనీ. మొన్న ఫిబ్రవరిలో కిప్రస్ భార్య ఉర్సులే కన్నుమూసింది. బర్బోరా మూడు రోజులూ అక్కడే ఉంది. రపోలస్ టోపీ తీసి చేత్తో పట్టుకుని వాళ్ళ గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చేశాడు. అప్పటినుంచి అతనికి సరిగ్గా నిద్ర లేదు. నాలుగు నెలలు దాటాక ఏ మొహం పెట్టుకుని పరామర్శకు వెళ్తాడు?

టంగ్, టంగ్ అని చప్పుడు వినిపించింది. కిప్రస్ పెనాన్ని గరిటెతో వాయిస్తూ బాట మీద పరుగెత్తుకొస్తున్నాడు. ఎగిరిపోయిన గుంపు వెంట అలా వాయించుకుంటూ రావడం యజమాని హక్కు. గేటు దగ్గరికొచ్చి టక్కున ఆగిపోయాడు.

"నా తేనెటీగలు... ఇటొచ్చాయా?"

'వస్తే పట్టుకుపో' అన్న మాట రపోలస్ నోటిదాకా వచ్చింది. బర్బోరా మోచేత్తో పొడిచింది.

"ఇక్కడే ఉన్నాయి," అన్నాడు.

"బుట్ట తేలేదేం అన్నా?" అంది బర్బోరా.

"కంగారులో మర్చిపోయాను చెల్లెమ్మా. చేతికి పెనమే దొరికింది."

"నీ చేతికెప్పుడూ వంటింటి సామానే దొరుకుతుందిలే," అన్నాడు రపోలస్.

"ఏడేళ్ళయినా ఆ నోరు మారలేదు."

"నీ పంది మారిందా?"

"దాన్ని ఆ క్రిస్మస్‌కే తినేశాం. మీకో తొడ పంపిద్దామంది ఉర్సులే. నేనే వద్దన్నాను."

ఆ పేరు వినగానే రపోలస్ తల దించుకున్నాడు. గబగబా వెళ్ళి తండ్రి తేనెపెట్టెను ఈడ్చుకొచ్చాడు. కిప్రస్ కొమ్మ వంచాడు, రపోలస్ బుట్ట పట్టాడు. ఇద్దరూ కలిసి గుంపును పెట్టెలోకి దించేసరికి ఎండ చల్లబడింది.

మెట్ల మీద కూర్చుంటే బర్బోరా నల్లరొట్టె, జున్ను తెచ్చి పెట్టింది.

"ఆ రోజు మీ గేటు దాకా వచ్చాన్రా," అన్నాడు రపోలస్.

"చూశాను. కిటికీలోంచి."

"పిలవచ్చుగా?"

"నువ్వు లోపలికి రావచ్చుగా?"

ఇద్దరూ రొట్టె నమిలారు. రపోలస్‌కు కళ్ళు తడిశాయి. తుడుచుకోలేదు.

"ఉర్సులే పోయినప్పుడు పెట్టెలు తట్టి చెప్పావా?" అని అడిగాడు. ఇంట్లో మనిషి పోతే తాళంచెవితో ఒక్కో పెట్టెనూ తట్టి, ఆ మాట తేనెటీగలకు చెప్పాలి. చెప్పకపోతే అవి కూడా ఆ మనిషి వెంటే పోతాయంటారు.

"తాళంచెవి పట్టుకుని వెళ్ళాను. చాలాసేపు మంచులో నిలబడ్డాను," అన్నాడు కిప్రస్. తర్వాత బర్బోరా వైపు తిరిగి, "జున్ను బాగుంది చెల్లెమ్మా," అన్నాడు.

ఆ శనివారం ఆవిరి గది మళ్ళీ వేడెక్కింది. వీపు గట్టిగా రుద్దావని ఒకడు, రుద్దలేదని ఒకడు తిట్టుకున్నారు. ఆ రాత్రి రపోలస్ గురకకు బర్బోరాకు నిద్ర పట్టలేదు. అయినా సంతోషించింది.

ఆగస్టు ఆఖరున మొదటి పట్టు కోశారు. సగం తేనె గిన్నెలో పోసి, నంజుకోవడానికి నాలుగు లేత దోసకాయలు తీసుకుని రపోలస్ కిప్రస్ ఇంటికి వెళ్ళాడు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. కిప్రస్ లేడు. ఆదివారం కదా, ఉర్సులే సమాధికి పూలు తీసుకెళ్ళుంటాడు.

గిన్నె మెట్టు మీద పెట్టాక అతనికో సరదా పుట్టింది. చావు కబురు చెప్పినప్పుడు మంచి కబురు మాత్రం ఎందుకు చెప్పకూడదు? 'మీవాళ్ళు మా ఇంట్లో కులాసా' అని పెట్టెలకు చెబుదామని ఇంటి వెనక్కి నడిచాడు.

తొమ్మిది పెట్టెలు వరసగా ఉన్నాయి. చలికి చుట్టిన గడ్డి ఇంకా వాటి మీదే ఉంది. "బద్ధకస్తుడు! ఎండాకాలం అయిపోవచ్చినా గడ్డి విప్పలేదు," అని తిట్టుకుంటూ మొదటి పెట్టెను వేలితో తట్టి చెవి ఆనించాడు. రెండోది తట్టాడు. మూడోదాని మూత ఎత్తాడు. తర్వాత ఒక్కొక్కటిగా అన్నీ ఎత్తాడు.

ఫిబ్రవరి నుంచీ ఆ పెట్టెల్లో ఒక్క తేనెటీగ కూడా లేదు.