అరికాలి చుక్క

మార్కాపురంలో పక్కింటోళ్ల చేతికి కూడా ఇవ్వని ఎనిమిది నెలల బిడ్డను, ఆ రాత్రి విహారానికి ఎక్కిన ఓడలో, పిల్లల గది ఆయాకు అప్పగించి మొగుడితో భోజనానికి పోయింది పావని. తిరిగొచ్చేసరికి పిల్లల గదిలో లైట్లు ఆర్పేసినారు. ఆయా లోపలెక్కడో పాలు కలుపుతా ఉంది. పావని సెల్ వెలుతురులో నిద్రపోతున్న పిల్లల అరికాళ్లు చూసి, కాటుక చుక్క ఉన్నోణ్ణి భుజానేసుకుని తమ గదికి వచ్చేసింది.

"మొహం చూసినావా?" అన్నాడు మొగుడు.

"ఎందుకు? ఈ ఓడ మొత్తం మీద అరికాలికి దిష్టిచుక్క పెట్టేది నేనొక్కదాన్నే."

గదిలో ఫోన్ మోగింది. ఆయా చేసింది.

"మేడమ్, మీ బాబు లేచి ఏడుస్తున్నాడు. ఎప్పుడొస్తారు?"

వెనకాల ఏడుపు వినబడింది. తన కొడుకు ఏడుపే.

భుజం మీది చిన్న చేతులు మెడ చుట్టూ బిగుసుకున్నాయి. ఇంకా మాటలు రాని నోరు ఆమె చెవి దగ్గరికి వచ్చింది.

"ఫోన్ పెట్టెయ్యి, అమ్మా."