జెండా దించిన చెయ్యి

"నీకు చేప అమ్మను. పో!"

హాలండులోని ఎంక్‌హౌజెన్ రేవులో ఉన్నవాళ్ళంతా తల తిప్పి చూశారు.

చేపలమ్మే హిల్లే బుట్ట ముందు నిలబడ్డ ముసలాయన కదల్లేదు. "నేనెవరో తెలుసా అమ్మా?"

"తెలియకేం! కెప్టెన్ క్రోల్‌వి. ఇంగ్లీషువాళ్ళకి జెండా దించి ఓడ అప్పగించినవాడివి. అందరి ముందూ నీ కత్తి విరిచి తరిమేశారుగా! నా మొగుడు వైబ్రంట్ వాళ్ళ చెరలోనే జ్వరమొచ్చి పోయాడు. ఇంకేం తెలియాలి?"

"వైబ్రంట్ మంచి ఫిరంగివాడమ్మా."

"నీ పొగడ్తలు నాకెందుకు? నడువ్!"

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఓడలకు దారి చూపే సరంగు పని కోసం వచ్చాడని ఆ సాయంత్రమే తెలిసింది. ఇసుక మేటల మధ్య దారి ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదట. ఊరి పెద్దలు ఒప్పుకునేలా ఉన్నారట.

హిల్లే ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసింది ఇలాంటి రోజు కోసమే. మర్నాడు పదకొండుమంది విధవల్ని వెంటబెట్టుకుని, రేవులో క్రోల్‌తో మాట్లాడుతున్న పెద్దల ముందు నిలబడింది.

"ఇతని చేతికి ఓడలిస్తారా? ఈసారి ఎవరికి అప్పగిస్తాడో!"

జనం గొల్లుమని నవ్వారు. ఎవరో క్రోల్ టోపీ లాగి నీళ్ళలోకి విసిరారు.

"కెప్టెన్, జెండా దించమన్నది నువ్వేనా?" అడిగాడు ఊరి పెద్దల్లో ఒకాయన.

క్రోల్ హిల్లే వంక ఒక్కసారి చూశాడు.

"నేనే."

"విన్నారుగా!" అంది హిల్లే. కడుపులో మంట చల్లారినట్టయింది.

సరంగు పని రాలేదు. క్రోల్ ఒక చేపల పడవలో కూలివాడుగా కుదిరాడు. నవంబరు తుఫానులో ఆ పడవ తిరిగి రాలేదు.

ఆ కబురు విన్న రోజు హిల్లే బఠాణీల పులుసు కాచుకుని కడుపునిండా తింది.

మంచు కరిగాక ఒంటిచెయ్యి నావికుడొకడు రేవులో దిగాడు. పేరు లుబ్బెర్ట్.

"క్రోల్ కెప్టెన్ గారు ఈ ఊళ్ళోనే ఉంటారటగా అమ్మా?"

"సముద్రం మింగేసింది. జెండా దించిన పిరికివాడికి అంతకన్నా ఏం కావాలి?"

లుబ్బెర్ట్ నిర్ఘాంతపోయాడు.

"ఆయనా దించింది? తల పగిలి, తెలివి లేకుండా కింద పడున్నారు. పక్కన నేనే ఉన్నాను."

"మరెవరు దించారు?"

"మా ఫిరంగివాడు. మిగిలినవాళ్ళమైనా బతకాలని ఏడుస్తూ దించాడు. అలా బతికినవాణ్ణే నేను."

చేప కోస్తున్న హిల్లే చేతిలో కత్తి ఆగిపోయింది. "అతని పేరు?"

"వైబ్రంట్. ఈ ఊరివాడే. చనిపోయినవాడి పెళ్ళాం నలుగురిలో తలెత్తుకుని బతకాలని, దించమన్నది తానేనని కెప్టెన్ గారు విచారణలో ఒప్పుకున్నారు."